నువ్వు రాయలేదు కదన్నా

వడమాలపేటలో పుత్తూరు రోడ్డుకు ఆనుకుని గంగాధరం ఇంటర్నెట్ సెంటరు ఉండేది. ముందు గదిలో కంప్యూటర్లు, వెనక ఇల్లు, రెంటికీ నడుమ ఒక వాకిలి. పగలంతా పరీక్షల ఫలితాలు చూసుకునే పిల్లకాయలతో, ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకునేవాళ్ళతో ఆ గది సంత మాదిరి ఉండేది. పొద్దుగూకేసరికి అందరూ ఇళ్ళకు పోయేవాళ్ళు. ఫ్యాను చప్పుడు, రోడ్డు మీద లారీల చప్పుడు మిగిలేవి.

అప్పుడు వెనకనుంచి గంగాధరం తల్లి సిద్ధమ్మ బుడ్డీదీపం పట్టుకుని వచ్చేది. వీధి గడప మీద దీపం పెట్టి, రోడ్డు వైపు తిరిగి కూతుర్ని పిలిచేది.

"పాపా... పాపా... పాపా..."

మూడుసార్లు పిలిచి, కాసేపు చెవులు రిక్కించి నిలబడి, లోపలికి పోయేది. మొదట్లో ఇరుగుపొరుగు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఏడాది తిరిగేసరికి, బస్సు హారను మాదిరి ఆ పిలుపు కూడా రోడ్డు చప్పుళ్ళలో ఒకటైపోయింది.

పాప అంటే నందిని, గంగాధరం చెల్లెలు. తండ్రి లేని పిల్లని గంగాధరమే తిరుపతిలో డిగ్రీలో చేర్పించాడు. రోజూ బస్సులో పోయి వచ్చేది. ఒకరోజు పోయిన పిల్ల తిరిగి రాలేదు. ఇల్లు ఇటుంటే, ఆ సాయంత్రం అటు చిత్తూరు దారిలో, పూతలపట్టు కూడలిలో బస్సు దిగుతుంటే చూశానని, తన దగ్గర మూర మల్లెపూలు కొన్నదని ఒక పూలమ్మే ఆమె చెప్పింది. ఎందుకు దిగింది, ఎవరి కోసం దిగింది, అక్కడినుంచి ఎటు పోయింది, ఏదీ తెలియలేదు. గంగాధరం ఎక్కని స్టేషను మెట్లు లేవు, అడగని మనిషి లేడు. ఎన్నిసార్లు మొదలుపెట్టినా ఆ పిల్ల కథ ఆ కూడలిలోనే తెగిపోయేది.

సిద్ధమ్మ మూడుసార్లు పిలవడానికి ఒక కారణం ఉంది. పిల్లలిద్దరికీ ఉగ్గుపాలతోనే ఆమె ఒక మాట నేర్పింది. "చీకటి పడినాక బయట్నుంచి ఎవురన్నా పిలిస్తే మొదటి పిలుపుకు పలకొద్దు. రెండోదానికీ పలకొద్దు. మనిషైతే మూడోసారి పిలుస్తాది. మనిషి కానిది రెండుసార్లకు మించి పిలవలేదు." ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఈ మాట తెలియని ఇల్లు లేదు. తన పిలుపు విని కూతురు సందేహపడకూడదని, సిద్ధమ్మ ఏ ఒక్కనాడూ లెక్క తప్పేది కాదు.

నందిని కనపడకుండా పోయిన ఐదో ఏట, అంటే రెండువేల ఎనిమిదిలో, గంగాధరం చెల్లెలి పేరు మీద ఒక పేజీ తయారుచేశాడు. ఫొటో పెట్టాడు. ఎత్తు, రంగు, కట్టుకున్న బట్టలు, తన ఫోను నంబరు పెట్టాడు. కింద ఎవరైనా రాయడానికి చోటు పెట్టాడు. దేశంలో ఎక్కడ ఎవరు ఆ పేరు వెతికినా ముందు ఈ పేజీ కనపడాలి, చూసినవాళ్ళెవరైనా ఒక్క మాట చెప్పాలి. అతని ఆశంతా అదే.

అయితే ఆ పేజీ ఎవరికీ కనపడలేదు.

తిరుపతిలో లాడ్జీలకు వెబ్‌సైట్లు చేసే కిరణ్ అతనికి చిన్నప్పటి స్నేహితుడు. ఒక మధ్యాహ్నం గంగాధరం అతన్ని పిలిచి కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు.

"గూగుల్లో నందిని అని కొడితే ఏమొస్తా ఉండాది?" అన్నాడు కిరణ్.

"ఆ పేరుతో అమ్మే పాల పాకెట్లు."

కిరణ్ నవ్వబోయి, స్నేహితుడి మొహం చూసి ఆపుకున్నాడు. పేజీ అంతా కిందిదాకా చూసి నిట్టూర్చాడు.

"ఇది చచ్చి పడుండాదప్పా. గూగుల్‌కు కండ్లు లేవు, పాప ఫొటో దానికి కనపడదు. దానికి తెలిసింది అక్షరాలు, మనుషుల కదలిక. మా లాడ్జీలదీ ఇదే కత. గదులు శానా బాగుండాయని మేమెంత రాసుకున్నా పైకి రావు. దిగినోళ్ళు కింద రాయాల. నీళ్ళు బాగుండాయనో, నల్లులు కుట్టినాయనో, ఏదో ఒకటి. తిట్టినా మంచిదే."

"తిడితే మంచిదేందిరా?"

"తిట్టినోడికి మనం జవాబు రాస్తాం కదా. వాడు మళ్ళా వస్తాడు. ఆ తగువు సూసేదానికి ఇంకో నలుగురు వస్తారు. వాళ్ళు రాసిన మాటలన్నీ మన పేజీకి చేరతాయి. ఆ మాటలు వెతికేవాడికి మన పేజీ తగులుతాది. అందరూ రవంతసేపు ఆడ నిలబడతారు. అప్పుడు ఇది బతికుండే పేజీ అని దానికి అనిపించి పైకి తెస్తాదని నా అంచనా. లోపల ఏం జరగతాదో ఎవురికీ పూర్తిగా తెలీదు. సంత మాదిరి అనుకో. గుంపుండే అంగడికే గుంపు."

లేచి పోతూ ఇంకో మాట చెప్పాడు. "ఎవురు రాసినా ఎంటనే పలకాల గంగా. ఆలస్యం చేసినావంటే పోయినోడు మళ్ళా రాడు."

మొట్టమొదట నందినితో చదివిన జెస్సీ రాసింది. "నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. నాకు బాగా జ్ఞాపకం." గంగాధరం వెంటనే జవాబు రాశాడు. ఆ తర్వాత ఎవరూ రాలేదు. పేజీ కదల్లేదు. పాల పాకెట్లే పైన ఉన్నాయి.

ఖాళీ పేజీని చూసి చూసి, ఒక సాయంత్రం అతను తనే వేరే పేరుతో నాలుగు మాటలు రాశాడు. మళ్ళీ తన పేరుతో జవాబు రాశాడు. చెల్లెలి కోసమే కదా అనుకున్నాడు. అలవాటైంది. పక్క ఊరామెగా రాశాడు, బస్సులో పక్కన కూర్చున్న ముసలాయనగా రాశాడు. తనే పిలవడం, తనే పలకడం.

అప్పుడతనికి ఒక ఉపాయం తట్టింది. మద్రాసులో, బెంగుళూరులో చెయ్యో కాలో విరిగినవాళ్ళంతా వెతికే మాట ఒకటి తమ పక్క ఊళ్ళోనే ఉంది. పుత్తూరు కట్టు. ఆ మాట తన పేజీలో ఉంటే?

చిన్నబ్బ అన్న పేరు పెట్టుకుని రాశాడు. "నందిని నాకు తెలుసు. రెండో తరగతిలో జామచెట్టు మీదనుంచి పడి ఎడమ చెయ్యి విరిగితే పుత్తూరు కట్టు కట్టించినారు. పసరు రాసి, కోడిగుడ్డు సొనలో ముంచిన గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టినారు. నొప్పి నొప్పి అని రాత్రంతా ఏడ్చేది పాపం."

నందినికి ఏనాడూ చెయ్యి విరగలేదు. జామచెట్టు వాళ్ళ ఇంట్లోనే లేదు.

ఆ అబద్ధానికి కాళ్ళొచ్చాయి. కట్టు ఎక్కడ కడతారు, పత్యం ఏమిటి, ఎన్ని కట్లు పడతాయి అని జనం అడగడం మొదలుపెట్టారు. గంగాధరం ఒక్కొక్కరికీ ఓపిగ్గా చెప్పేవాడు. వాళ్ళలో కొందరు పైన ఫొటో చూసి, బిడ్డ దొరకాలని మొక్కుకున్నామని రాసేవాళ్ళు. చూస్తుండగానే పేజీ లేచింది. వానలు మొదలయ్యేసరికి, నందిని పేరూ ఊరూ కొడితే అన్నిటికంటే పైన చెల్లెలి పేజీ వచ్చింది.

ఆ రోజు తల్లిని పిలిచి చూపించాడు. సిద్ధమ్మకు చదువు రాదు. తెర మీద కూతురి మొహాన్ని వేలితో తడిమి, ఆ వేలిని కళ్ళకద్దుకుంది.

"ఇప్పుడు పాప కనపడతాదా నాయనా?"

"అందరికీ కనపడతాదిమ్మా."

మరునాడు దీపాలవేళ, పేరు లేకుండా ఒక మాట వచ్చింది.

"చెయ్యి నొప్పిగా ఉండాది."

కట్టు కట్టించుకున్నవాళ్ళెవరో అనుకున్నాడు. అలవాటుకొద్దీ వెంటనే పలికాడు. "ఏ చెయ్యండీ? ఎన్నాళ్ళయింది?"

"ఎడమ చెయ్యి అన్నా. జామచెట్టు మీదనుంచి పడినా కదా."

గంగాధరం వేళ్ళు ఆగిపోయాయి. ఎవడో ఆకతాయి. ఊళ్ళో పిల్లకాయ ఎవడో ఆడుకుంటున్నాడు. అయినా ఆ వరుసను మళ్ళీ చదివాడు. ఏమో... దెబ్బ తగిలి అన్నీ మరిచిపోయిందేమో. తన గురించి తను ఆ పేజీలో చదువుకుని అదే నిజమనుకుంటుందేమో. అట్లాంటివి జరగవని ఎవరు చెప్పగలరు? ఆశ పడ్డవాడికి ప్రతి చప్పుడూ అడుగుల చప్పుడే.

ఒకప్పుడు ఇంట్లో ఉండిన గేదె గురించి ఒక ప్రశ్న రాశాడు. "మనింటి ఎనుమును నువ్వు ఏమని పిలిచేదానివి?"

చాలాసేపు ఏమీ రాలేదు. ఫ్యాను తిరుగుతోంది. తర్వాత తెర మీద ఒక్క వరుస కనపడింది.

"అది నువ్వు రాయలేదు కదన్నా."

కంప్యూటరు ఆపేయడానికి చెయ్యి చాపాడు. వెనకనుంచి తల్లి గొంతు వినపడింది.

"ఎవురితో రా మాట్లాడతా ఉండావు? మొహం అట్ల తెల్లబారిందేమి?"

"ఎవురూ లేదుమ్మా."

"అబద్ధమాడొద్దు. పాపేనా?"

ఔననలేదు, కాదనలేదు. ఆ నిశ్శబ్దాన్ని ఆ తల్లి తనకు కావలసినట్టు అర్థం చేసుకుంది. అతని భుజం మీద చెయ్యి వేసింది.

"రమ్మను నాయనా. అమ్మ తిట్టదని రాయి. ఏం జరిగుండినా, ఎట్లుండినా, ఇంటికి రమ్మను."

రాయనని ఎట్లా చెప్తాడు? ఎందుకు రాయకూడదో చెప్పాలంటే, తను రాసిన అబద్ధాలన్నీ చెప్పాలి. చెప్పలేకపోయాడు.

"ఇంటికి రా పాపా" అని రాశాడు.

జవాబు రాలేదు.

తర్వాతి సాయంత్రం తుఫాను పట్టుకుంది. పొద్దుగూకకముందే చీకటి కమ్మింది. నగరి వైపునుంచి మబ్బులు నల్లటి దున్నల మాదిరి వచ్చి ఊరి మీద నిలబడ్డాయి. గాలికి తాటి మట్టలు ఒరుసుకుంటున్నాయి. కరెంటు పోయింది. కంప్యూటర్లు ఒక్కొక్కటీ కీచుమని ఆరిపోయాయి. గంగాధరం వీధి వాకిలి మూసి గొళ్ళెం పెట్టాడు. వానజల్లుకు దీపం నిలవదని, సిద్ధమ్మ ఆ రోజు దాన్ని గది లోపలే, గడప పక్కన పెట్టింది.

"పిలవలేదే ఈరోజు?" అన్నాడు గంగాధరం.

"రమ్మని రాసినావు కదా. ఇంక పిలిచేదేముండాది. వచ్చేస్తాది."

రోడ్డు మీద బండ్లు ఆగిపోయాయి. వాన చప్పుడొక్కటే. రేకుల మీద, మట్టి మీద, నీళ్ళ మీద... అంతటా వాన. మట్టివాసన గదిలోకి వచ్చింది. కాసేపటికి దాని వెనకే ఇంకో వాసన వచ్చింది. నలిపిన ఆకుల పసరు వాసన. పచ్చిగుడ్డు నీచు. ఎండి అట్టకట్టిన పాత గుడ్డ వాసన...

గంగాధరం ఆ వాసన గుర్తుపట్టాడు. పుత్తూరు బజారులో ఎన్నోసార్లు పీల్చిన వాసన అది.

వాన సన్నబడింది.

వాకిలి మీద తట్టిన చప్పుడు. చేత్తో తట్టినట్టు లేదు. వెదురు కర్రతో తట్టినట్టుంది. టక్... టక్...

"అమ్మా."

నందిని గొంతు. ఫోనులో వినపడినట్టు కాదు, కలలో వినపడినట్టు కాదు. వాకిలికి అవతల, గడప మీద, నందిని గొంతు.

సిద్ధమ్మ లేచింది. గంగాధరం ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పలకొద్దని తల ఊపాడు. ఆమె ఆగింది.

"అమ్మా... చెయ్యి నొప్పిగా ఉండాది. కట్టు విప్పు."

రెండు.

తల్లీకొడుకులు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. దీపం వత్తి చిటపటలాడింది. చూరునుంచి నీళ్ళు ఒక్కొక్క బొట్టూ పడుతున్నాయి. మూడో పిలుపు కోసం ఆ తల్లి మెడ ముందుకు సాచి వింటోంది. గంగాధరం కూడా వింటున్నాడు. రావాలని కోరుకుంటున్నాడో, రాకూడదని కోరుకుంటున్నాడో అతనికే తెలియలేదు.

రాలేదు.

అవతల ఎవరో ఏడుపు దిగమింగుకుంటున్న చప్పుడు మాత్రం వినపడుతోంది. చిన్నపిల్లలు ఏడ్చి ఏడ్చి అలిసిపోయినాక వచ్చే ఎక్కిళ్ళ మాదిరి.

"మూడోది రాలేదమ్మా," అన్నాడు గుసగుసగా.

"రాదు రా."

"అమ్మా, సెప్తా విను... పాపకు చెయ్యి విరగనేలేదు. అది నేను రాసింది. పేజీ పైకి రావాలని నేనే రాసినా. కట్టు కట్టినట్టు రాసినా గానీ, విప్పినట్టు రాయలేదు. అది పాప కాదమ్మా."

సిద్ధమ్మ కొడుకు మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. చదువుకున్న కొడుక్కి తెలియనిది ఏదో తనకు తెలిసినట్టు, జాలిగా చూసింది.

"కన్నదాన్ని. నా బిడ్డకు చెయ్యి విరిగిందో లేదో నాకు తెలవదా?"

"మరి..."

"ఐదేండ్లుగా ఆ గొంతుతో ఎవురూ నన్ను అమ్మా అనలేదు నాయనా." చెయ్యి విడిపించుకుంది. "ఎవురి బిడ్డో, ఏ బిడ్డో, నొప్పి అంటా ఉండాది. నువ్వు చేసిన నొప్పే కదరా అది. ఎవురు విప్పాల మరి?"

గొళ్ళెం తీసింది.

"వస్తా ఉండా పాపా," అని పలికింది.

గాలి ఒక్కసారి లోపలికి కొట్టింది. దీపం ఆరింది. పసరు వాసన గదంతా నిండిపోయింది. గంగాధరం గోడకు అతుక్కుపోయాడు. మెరుపు మెరిసినప్పుడల్లా అతనికి తల్లి వీపు కనపడింది. ఆమె గడప మీద కూర్చుని ఉంది. ఆమె ఎదుట ఎవరూ లేరు. కానీ చేతులు ఆడుతున్నాయి. ఒక చెయ్యి దేన్నో ఎత్తి పట్టుకుంది. రెండో చెయ్యి చుట్టూ తిరుగుతోంది... తిరుగుతోంది... దేన్నో విప్పుతోంది. మెరిసిన ప్రతిసారీ ఆమె ఒళ్ళో గుడ్డ పెరుగుతోంది.

"అయిపోయింది పాపా. రవంత ఓర్చుకో. అయిపోయింది."

తెల్లవారి సిద్ధమ్మ ఆ గుడ్డలు ఉతికి దండెం మీద ఆరేసింది. వెదురు బద్దలు గడప పక్కన పడి ఉన్నాయి. గంగాధరం ఒకటి తీసి తన ముంజేతికి ఆనించి చూశాడు. సగం కూడా రాలేదు. రెండో తరగతి పిల్ల చేతికి సరిపోయే బద్దలు అవి.

ఆనాటినుంచి సిద్ధమ్మ గడప మీద దీపం పెట్టడం మానేసింది. పిలవడం మానేసింది. అన్నం రెండు కంచాల్లో పెట్టుకుని, పొయ్యి దగ్గర కూర్చుని ఎవరితోనో మెల్లగా మాట్లాడేది.

గంగాధరం ఆ పేజీని తీసేద్దామని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. అన్నిటికంటే కింద కొత్త మాట ఒకటి ఉంది.

"అమ్మ కట్టు విప్పింది. తర్వాత నాకేం జరిగింది? రాయి అన్నా."

తీసేసే మీట మీద వేలు పెట్టాడు. అప్పుడే తల్లి వచ్చి వాకిట్లో నిలబడింది. కళ్ళు ఏడ్చినట్టున్నాయి.

"సంగటి పెడితే తినలేదు రా. దాని రుచేందో తెలీదంట. నువ్వు రాయలేదంట."

అతను వేలు తీసేశాడు. తల మీటల పలక మీద వాల్చి చాలాసేపు ఏడ్చాడు.

తర్వాత రాయడం మొదలుపెట్టాడు. ఈసారి ఒక్క అబద్ధం కూడా రాయలేదు. నందినికి వేడి రాగిసంగటిలో గుంత చేసి చెనిక్కాయలతో నూరిన ఊరుబిండి పచ్చడి పెడితే ఎంత ఇష్టమో రాశాడు. ఎనుమును రాణీ అని పిలిచేదని రాశాడు. నాయన పోయినరోజు ఏడవకుండా ఆయన చెప్పులు తుడుస్తూ కూర్చుందని రాశాడు. తను కసిరినప్పుడు మాట్లాడకుండా తన చొక్కాకు గుండీ కుట్టి పెట్టిందని రాశాడు. రాసిన ప్రతి సాయంత్రం తర్వాత వెనక ఇంట్లో తల్లి గొంతులో రవంత ప్రాణం వచ్చేది. "ఈరోజు తినిందిరా" అనేది. "నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది" అనేది. ఆ నవ్వు ఒకసారి అతనికీ వినపడింది. లేచి పోయి చూసే ధైర్యం లేకపోయింది.

రాస్తూ రాస్తూ డిగ్రీ దాకా వచ్చాడు. ఆ చివరి రోజు పొద్దున పాప కట్టుకున్న బట్టల రంగు రాశాడు. బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపిందని రాశాడు. సాయంత్రం పూతలపట్టు కూడలిలో బస్సు దిగిందని, మల్లెపూలు కొన్నదని రాశాడు.

అక్కడ అతని చెయ్యి ఆగిపోయింది. ఆ తర్వాతది అతనికి తెలియదు. ఎవరికీ తెలియదు. అబద్ధం రాయనని ఒట్టు పెట్టుకున్నాడు. తెలియదని రాయడానికి వేళ్ళు రాలేదు.

వెనక ఇంట్లో తల్లి మాటలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. పసరు వాసన లేదు. తడిసిన మల్లెపూల వాసన వస్తోంది.

తెర మీద ఒక వరుస దానంతటదే వచ్చింది.

"ఆ తర్వాతది నాకు తెలుసన్నా. నువ్వు రాయొద్దు. అమ్మకు చెప్పొద్దు."